చందా ఎందుకో ముందే చెప్పండి

శివనాథ్ నదిలో వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చాక, ఈ వారం మా వీధి కమిటీ లెక్కలు చెప్పింది. ఐదు నిమిషాల్లో ముగించేశారు. వచ్చిందంతా ఖర్చయిపోయింది, పైగా టెంటు అతనికి కొంత బాకీ. పద్దుల్లో అన్నిటికంటే పెద్దది డీజే. విగ్రహం, పూజ, అన్నదానం మూడూ కలిపినా దానికి సరితూగలేదు. నాకు ఒళ్లు మండింది. చందా ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. వాళ్ల డబ్బుతో వాళ్ల కిటికీ అద్దాలే అదిరిపోయాయి.

భిలాయిలో చందా అంటే పండగ ఖర్చుకే అని మనకి అలవాటైపోయింది. అలా అలవాటు కావడానికి కారణముంది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన నాటి నుంచి ఈ ఊళ్లో క్వార్టరు, నీళ్లు, కరెంటు, బడి, సెక్టార్ 9 ఆస్పత్రి, అన్నీ స్టీలు ప్లాంటే చూసుకుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ట్రంకుపెట్టెతో దిగిన మన పెద్దవాళ్లకి తల్లీ తండ్రీ అదే. వీధి డబ్బుతో వీధి అవసరాలు చూసుకోవాల్సిన పని రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఒకప్పుడు అరవై వేలు దాటిన పర్మనెంటు ఉద్యోగులు ఇవాళ అందులో పావు వంతుకు అటూ ఇటూ ఉన్నారు. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు. ఇళ్లల్లో ఇద్దరేసి ముసలివాళ్లు మిగిలారు.

పోయిన వేసవిలో మా వెనక వీధిలో ఒక పెద్దావిడ బాత్రూములో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక వీల్‌చెయిర్ కోసం ఆవిడ భర్త ఎండలో సుపేలా బజారంతా తిరిగాడు. మూడిళ్ల అవతల ఒకరి అటక మీద వాడని వీల్‌చెయిర్ ఉందని ఆవిడ లేచి నడిచాక తెలిసింది. ఒక వీల్‌చెయిర్, రెండు వాకర్లు, తలవైపు ఎత్తుకునే మంచం, ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్. ఇవి కమిటీ స్టోరు గదిలో ఉండి, అడిగినవాళ్లకి సంతకం పెట్టించుకుని ఇస్తే చాలదా? ఆ గదిలో ఇప్పుడు చిక్కుపడ్డ సీరియల్ లైట్లు, చిరిగిన షామియానా ఉన్నాయి.

దేవుడి పేరు చెప్తేనే జనం ఇస్తారు, వీల్‌చెయిర్ అంటే ఎవరిస్తారు అన్నాడు కమిటీలో ఒకాయన. దేవుడి పేరే చెప్పండి, ఎవరొద్దన్నారు? హైదరాబాదులో బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994 వేలంపాటలో 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. ఆ డబ్బు ఊరి పనులకే అని పాడేవాళ్లందరికీ తెలుసు. బండ్లగూడ రిచ్‌మండ్ విల్లాస్‌లో అదే ఏడాది లడ్డూ 1.87 కోట్లు పలికింది. అక్కడివాళ్లు గుంపులుగా డబ్బు పోగేసుకుని పాడతారు, వచ్చిందంతా సేవాపనులు చేసే ట్రస్టుకి వెళ్తుంది. మన వీధికి కోట్లు అక్కర్లేదు. అక్కడ లడ్డూ పాడేవాడికి తన డబ్బు ఎటు పోతుందో ముందే తెలుసు. మన దగ్గర తెలీదు. తేడా అంతా అక్కడే ఉంది.

హైదరాబాదు సంగతి వేరంటే మన గని ఊరినే చూడండి. దల్లీ రాజహరాలో ఇనుపరాయి తవ్వే కూలీలు తమ కూలి డబ్బుతో, తమ చేతులతో ఆస్పత్రి కట్టుకున్నారు. 1977 పోలీసు కాల్పుల్లో చనిపోయిన తోటివాళ్ల పేరున శహీద్ ఆస్పత్రి 1983లో తెరిచారు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి వెంట నడిచిన ఆ కూలీల రోజు కూలి ఎంతుండేదో ఊహించుకోండి. వాళ్లు తవ్విన రాయితో నడిచిన ప్లాంటులో పనిచేసి పెన్షన్లు తీసుకుంటున్న మనం ఒక వీల్‌చెయిర్ కొనలేమా?

నేను ఎప్పట్నించో మొత్తుకుంటున్నది ఒక్కటే. రసీదు బుక్కు అచ్చు వేయించే ముందే డబ్బు దేనికో తేల్చాలి. రూపాయిలో ఇంత పండక్కి, ఇంత వీధి అవసరాలకి అని రసీదు మీదే అచ్చు పడాలి. పందిరి గుంజకి బోర్డు కట్టి, ఏ రోజు వసూళ్లు ఆ రోజు రాత్రే సుద్దముక్కతో రాయాలి. చివర్లో మైకులో చదివే లెక్క ఎవరికీ గుర్తుండదు. రోజూ రాసిన లెక్కని వచ్చిపోయే ప్రతివాళ్లూ చూస్తారు. తప్పుంటే అక్కడే అడుగుతారు. డీజే పద్దు మూడో రోజునే ఆ బోర్డు మీద కనబడి ఉంటే పదకొండో రోజు దాకా సాగేదా?

వసూలుకి మరో దారీ ఉంది. బెంగాలీల దుర్గాపూజలో ఆడవాళ్లు ఇంట్లో వండి తెచ్చి ఆనందమేళాలో అమ్ముతారు. మన ఆడవాళ్లు పునుగులు, పులిహోర, బొబ్బట్లు పెడితే వీధిలోని ఛత్తీస్‌గఢీలు, మలయాళీలు, పంజాబీలు అందరూ కూపన్లు కొంటారు. ఒక సాయంత్రం చాలు. పిండి కలిపినవాళ్ల చేతికే డబ్బాలో డబ్బు లెక్కపెట్టే పనీ ఇవ్వండి. కమిటీలో ఒక్క ఆడమనిషి లేకుండా ఇన్నేళ్లు ఎలా నడిపారో నాకు అర్థం కాదు.

"డీజే లేకపోతే కుర్రాళ్లు రారు అంకుల్" అన్నాడో అబ్బాయి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ మోగకూడదన్న రూలు 2000 నుంచి ఉంది. డీజేల గోల మీద బిలాస్‌పూర్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. తాళం కావాలంటే డోళ్లు వాయించే ధుమాల్ పార్టీ ఉంది. కరెంటు పెట్టెల అద్దె బదులు మనుషుల చేతికి కూలి దక్కుతుంది.

ఆ అబ్బాయి చందాకి వచ్చిన రోజున నా పేరు హిందీలో రాశాడు. తెలుగులో రాయి నాయనా అంటే రాదన్నాడు. వాళ్ల తాతగారు ఈ వీధిలోనే హరికథలు పెట్టించినవారు. తప్పు ఆ పిల్లాడిది కాదు. వాడికి నేర్పే చోటు మనం పెట్టలేదు. పదకొండు రోజులు ఊరంతా వినేలా మన పండగ చేస్తాం, మిగతా ఏడాదంతా పిల్లలకి అ ఆలు దిద్దించే మనిషికి నెలకింత ఇవ్వడానికి మాత్రం చేతులు రావు. డీజే ఒక్క రాత్రి అద్దెతో వేసవి సెలవులంతా తెలుగు చెప్పించొచ్చు. పలకలు నేను కొనిస్తాను.

దసరా వెళ్లాక కమిటీ మళ్లీ కూర్చుంటుంది. వచ్చే ఏడాది రసీదు నమూనా నేను రాసి పట్టుకెళ్తున్నాను. అందులో రెండు గళ్లున్నాయి, పండగకి ఒకటి, వీధికి ఒకటి. రెండో గడి కొట్టేస్తే చందా ఇవ్వనని అక్కడే చెప్తాను. మీ వీధిలో మీరూ అడగండి.