పెద్ద డబ్బాలు, చిన్న డబ్బాలు

"సావనీరుకు ఏదైనా వ్రాసివ్వండి సార్, సైన్సు అయినా ఫరవాలేదు" అన్నాడు మన విద్యార్థి సంఘ కార్యదర్శి. ఆ "అయినా"లో వున్న దయకు కృతజ్ఞుణ్ణి. సైన్సే వ్రాస్తున్నాను. కాకపోతే ఇది నా జేబుకు తగిలిన సైన్సు.

రెండేళ్ళ క్రితం కొంత ఎరియర్సు డబ్బు చేతికి వచ్చింది. మా నాన్నగారికి సినిమా అంటే ప్రాణం. టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని చూసిన రోజుల నుంచీ ఆయన లెక్క ఒకటే: బొమ్మ ఎలా వున్నా సౌండు బాగుండాలి. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డారు, మెట్లు దిగి సినిమా హాలుకు వెళ్ళలేరు. హాలునే ఇంటికి తెద్దామనుకున్నాను. కొట్లో కుర్రాడు నన్నొక విశాలమైన ఏ.సీ. గదిలో కూర్చోబెట్టి, నా ఛాతీదాకా వచ్చే రెండు టవర్ స్పీకర్లు మోగించాడు. కుర్చీ అదిరింది. పక్క అరలో చెప్పుల పెట్టెలంత బుల్లి స్పీకర్లు కనిపిస్తే వాటివైపు చూశాను. "అవి చిన్న ఇళ్ళవాళ్ళకండి" అన్నాడు. అంతే, నా చెయ్యి జేబులోకి పోయింది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో ధ్వనిశాస్త్రం చెబుతున్న పెద్దమనిషిని నేనే!

మా ముందుగది 13 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. నేల టైల్సు, గోడలు సిమెంటు, కర్టెన్లు పల్చన. టవర్లకు చోటు మూలల్లోనే కుదిరింది. డబ్బంతా వాటికే అయిపోవడం వల్ల మధ్యన పెట్టే సెంటర్ స్పీకరు "తర్వాత చూద్దాం" అనుకున్నాను. మొదటి రోజు యుద్ధం సీనుకు అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. కింది వాటా ఆయన పైకొచ్చి తలుపు కొట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకది గర్వంగానే అనిపించింది. నాన్నగారు అరగంట కూర్చుని, "బాగుందిరా" అని లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగోనాడు అమ్మ వంటింట్లోకి పిలిచి చెప్పింది: "మాటలు తెలియడం లేదటరా. నువ్వు అంత డబ్బు పోసి కొన్నావని పైకి అనడం లేదు."

మీరంతా ఇంటర్మీడియట్‌లో రెజొనెన్స్ ట్యూబు ప్రయోగం చేసే వుంటారు. నీళ్ళ మట్టం మారుస్తూ శృతిదండం పట్టుకుంటే, ఒక్క పొడవు దగ్గర గొట్టంలో గాలి గొంతెత్తుతుంది. మనం కూర్చునే గదీ అలాంటి గొట్టమే. 13 అడుగులంటే సుమారు 4 మీటర్లు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా ఇమిడేది సుమారు 43 హెర్ట్జ్ దగ్గర. 11 అడుగుల వైపు లెక్కవేస్తే 51. ఆ స్వరాలు గదిలో వాచిపోతాయి, స్పీకర్లను మూలకు నెడితే మరీను. ఇక మాట సంగతి. మాటలో బిగ్గరగా వినబడేవి అచ్చులు, అర్థాన్ని మోసేవి హల్లులు. స, ష, చ, త వంటి వాటి ఆనవాళ్ళు ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైన వుంటాయి. వయసు మీద పడ్డ చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై స్వరాలనే. దానికితోడు, గట్టిగా మోగే మంద్రస్వరం తనకు పైనున్న స్వరాలను కప్పేస్తుంది. అంటే నేను కష్టపడి కొనితెచ్చినది నాన్నగారికీ మాటకూ మధ్య ఒక గోడ.

అసలు స్పీకరు ఎందుకు పెద్దదవుతుంది? హాఫ్‌మన్ అనే ఇంజనీరు పేరుమీద ఒక సూత్రం వుంది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత: ఈ మూడు కోరికల్లో రెండే తీరతాయి. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి ఏఆర్-1 తెచ్చినప్పుడు మొదటి రెండూ తీసుకుని మూడోది వదులుకున్నారు. గాలి చొరకుండా బిగించిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడారు. బి.బి.సి. వాళ్ళు 1970లలో బయటి ప్రసారాల వ్యానుల్లాంటి ఇరుకు చోట్ల కోసం ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు చేయించుకున్నారు. దానికోసం ఈనాటికీ జనం వెతుక్కుంటూనే వున్నారు. చిన్నది అనగానే చవకబారుది అనుకోవడం మనకున్న జబ్బు.

చిన్నదానికి చేతకానిది చేతకాదు, ఆ మాటా చెప్పాలి. అదే మోతతో ఒక సప్తకం కిందికి దిగాలంటే కోను నాలుగింతలు కదలాలి. అయిదంగుళాల కోను అంత కదల్లేదు. అందుకని 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌వూఫరుకు అప్పగిస్తారు. అంత లోతు శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి దాదాపుగా పోల్చుకోలేదు గనక ఆ పెట్టె ఎక్కడున్నా ఇబ్బంది లేదు. రిసీవరు మెనూలో "లార్జ్", "స్మాల్" అని రెండు మాటలుంటాయి. అవి పెట్టె సైజును గురించినవి కావు, మంద్రాన్ని ఎవరు మోయాలో చెప్పేవి. సబ్‌వూఫరు వున్నప్పుడు టవర్లకు కూడా చాలా ఇళ్ళలో "స్మాల్" పెట్టడమే మేలు. కాని అంత ఖరీదు పెట్టినవాడికి ఆ మీట నొక్కడానికి చెయ్యి రాదు. నాకూ రాలేదు.

నష్టానికే టవర్లు అమ్మేశాను. ఒకే కుటుంబానికి చెందిన మూడు చిన్న స్పీకర్లు ముందుకు, ఒక సబ్‌వూఫరు తెచ్చాను. సినిమాల్లో సంభాషణ చాలావరకు మధ్య ఛానెల్‌లోనే వుంటుంది. ఆ మధ్యది టీవీ కింద సరిగ్గా పట్టింది. సబ్‌వూఫరుకు చోటు వెతికే పద్ధతి మాత్రం మర్యాదస్తులకు తగినది కాదు. దాన్ని మనం కూర్చునే కుర్చీలో పెట్టి మోగిస్తూ, మనం గోడవారగా మోకాళ్ళమీద పాకుతూ, మంద్రం సమంగా వినబడే చోటు వెతకాలి. "ఏం పారేసుకున్నావురా?" అంది అమ్మ. కింది వాటా ఆయన కోసం దాని కింద రబ్బరు దిమ్మలు వేశాను. అయినా మంద్రం శ్లాబును లెక్కచెయ్యదు. రాత్రి తొమ్మిది దాటితే తగ్గించడమొక్కటే మార్గం.

ఆ ఆదివారం "మాయాబజార్" పెట్టాను. 1957 నాటి ఒకే ట్రాకు శబ్దం. మధ్య స్పీకరు ఒక్కదానికే పంపాను. నాన్నగారు చివరిదాకా కూర్చున్నారు. కొన్నిచోట్ల నటులకన్నా ముందు తనే డైలాగు చెప్పేశారు. అప్పుడు మాకు సినిమా వినబడలేదు.

నా టవర్లు కొన్నది మన కెమిస్ట్రీ మాస్టారు. "పెద్దది పెద్దదేనయ్యా" అంటూ వూళ్ళో తమ మండువా ఇంట్లో పెట్టించారు. కూర్చునేది 16 అడుగుల దూరంలో, చుట్టూ పరుపులూ బాలీసులూ. మొన్న వెళ్ళి విన్నాను. అద్భుతంగా వున్నాయి. అసూయ కూడా కలిగింది, ఎందుకు దాచడం.

ఈ వ్యాసం ఇస్తుంటే కార్యదర్శి, "అయితే సార్, మన హాస్టల్ టీవీ గదికి చిన్నవే కొనమంటారా?" అన్నాడు. గది 40 అడుగుల పొడవుంటుంది, వెనక బెంచీవాళ్ళతో కలిపి ఎనభైమంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్సు పడిపోతుంది. గదిలో కాస్త తక్కువ పడినా, ఆ లోటు పూడ్చడానికి బుల్లివాటి ప్రాణం చాలదు. అక్కడికి పెద్దవే కొనమన్నాను, సెంటర్ స్పీకరు మానొద్దని కూడా. బడ్జెట్టులో ఆ మూడోదానికి పద్దు లేదట.