చెరువున విడుచుటతో పని తీరదు

చేపల పెంపకమునకు పూనుకొను సంఘములు సంవత్సరాంతమున నివేదికలో ఒక లెక్క తప్పక చూపును: ఇన్ని వేల పిల్లలను తెప్పించితిమి, ఇన్ని వేల పిల్లలను నీట విడిచితిమి అని. ఈ లెక్క వలదని మేమనము. కాని విడిచిన మరునాటి ఉదయమునకు వానిలో ఎన్ని బ్రదికియున్నవి అను లెక్క ఇంతకంటె ముఖ్యమైనదని మా అభిప్రాయము. ఆ లెక్క లేని నివేదిక విత్తనపు వెలను వ్రాసి మొలకను వ్రాయని పద్దు వంటిది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులను కొన్న రైతు వానిని ఇంటికి తోలుకొని వచ్చిన దినముననే నాగలికి కట్టడు. నీడను కట్టివేసి, నీరు చూపి, గిట్టలు చూచి, దారిలో రాచుకొనిన చోట మందు పూసి, రెండు మూడు దినములు కొత్త చోటికి అలవాటు పడనిచ్చును. ఈ వివేకము మనకు ఒకరు నేర్పినది కాదు. అయినను ఆ రైతే చేపపిల్లల సంచిని మాత్రము మిట్టమధ్యాహ్నమున గట్టుమీదనుండి గుభాలున కుమ్మరించును. చేపకు నోరు లేదు. అది అరవదు, కుంటదు. చచ్చినది తొలుత అడుగునకు పోవును. తేలునాటికి కొంగయో తాబేలో తినివేయును. నష్టము కంటబడదు గనుక, పట్టుబడి తగ్గినప్పుడు నీటిని, అదృష్టమును నిందింతుము.

చేపపిల్ల పూర్వము ఇంత సులభముగా దొరకెడిది కాదు. వరదల కాలమున నదులలో వలలు పన్ని పిల్లను పట్టవలసియుండెను. అందు మంచి జాతియు, పనికిరాని జాతియు కలిసియుండెడివి. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి గారు పీయూషగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి పెంపుడు చేపచేత గ్రుడ్లు పెట్టించిరి. ఆ విద్యవలననే నేడు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు కోరినన్ని లభించుచున్నవి. కొనుట సులభమైనది, నిలుపుకొనుట నేర్వవలసియున్నది.

ప్రయాణములో పిల్లకు కలుగు కష్టమేదో తెలిసినగాని దానికి చేయవలసిన ఉపచారము తెలియదు. ప్లాస్టిక్ సంచిలో మూడవవంతు నీరును, తక్కిన భాగము ప్రాణవాయువును నింపి మూతి బిగింతురు. దారి పొడవున పిల్లలు విడుచు మలమువలనను, అమోనియావలనను ఆ నీరు చెడుచుండును, బొగ్గుపులుసుగాలియు పేరుకొనును. అందుచేతనే మంచి కేంద్రములవారు బయలుదేరుటకు ముందు ఒక దినము పిల్లలకు మేత నిలిపి, కడుపులు ఖాళీ అయినపిదప సంచులకెక్కింతురు. ఈ పని జరిగినదా అని కొనుటకు ముందే విచారించుట సంఘముయొక్క మొదటి కర్తవ్యము.

సంచులు వచ్చినపిదప తొందర పనికిరాదు. అట్లని వానిని ఎండలో ఉంచి ఉపన్యాసములు వినుటయు పనికిరాదు. మూతి విప్పకయే సంచులను కుంటనీటిపై పదునైదు ఇరువది నిమిషములు తేలనీయవలెను. లోని నీటి వేడిమియు వెలుపలి నీటి వేడిమియు సమమగును. పిదప మూతి విప్పి, కుంటనీటిని చెంబు చెంబుగా పోయుచు కొంతసేపటికి సంచిని వాలిచి పిల్లలను తమంత తామే ఈదిపోనీయవలెను. విప్పిన సంచిని ఆలస్యము చేయరాదు. బొగ్గుపులుసుగాలి వెడలిపోగానే సంచిలోని అమోనియా మరింత విషమగును. ఎండ ముదరకముందుగాని, సాయంకాలము చల్లబడినపిదపగాని విడుచుట మేలు. నాచుతో పచ్చబడిన కుంటలో తెల్లవారుజామున ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా ఉండును గనుక, అచ్చట ప్రొద్దెక్కువరకు ఆగవలెను. ఆ దినము మేత వేయవలదు.

ఇక గాయముల మాట. చేప దేహముపై నుండు జిగట మురికి కాదు; అది దానికి కవచము. పొడి చేతులతో పట్టినను, ముడులుగల ముతక వలతో లాగినను ఆ జిగటయు పొలుసులును ఊడిపోవును. చేప రక్తములోని లవణము కుంటనీటి లవణముకంటె అధికము. కవచము చినిగిన చోట దేహములోని లవణము వెలికిపోవుచు, నీరు లోనికి చొచ్చుచుండును. బడలిన చేప ఆ నష్టమును పూడ్చుకొనలేదు. ఆ పుండుపైననే బూజు పట్టును. ఆదోని మార్కెట్టుకు ప్రత్తి తోలు రైతులకు దాని రూపము వేరుగా వర్ణింపనక్కరలేదు. చిన్న దూదిపింజె అంటుకొన్నట్లే కనబడును.

దీనికి చౌకయైన చికిత్స మన వంటింటి ఉప్పే. పది లీటర్ల కుంటనీటిలో రెండువందల గ్రాముల ఉప్పును పూర్తిగా కరగనిచ్చి, గాయపడిన పిల్లలను తడిపిన మెత్తని వలలో ఉంచి ఒకటి రెండు నిమిషములు ముంచి తీయవలెను. ప్రక్కకు ఒరిగిన పిల్ల కనబడినచో తక్షణమే తీయవలెను. ముందు కొలది పిల్లలపై పరీక్షించి, పిమ్మట తక్కినవానికి చేయుట మంచిది. నీటిపైకి నోరు చాపి రొప్పుచున్న పిల్లకు ఈ స్నానము వలదు. దానికి ముందు కావలసినది గాలి తగిలిన చల్లని నీరు, విశ్రాంతి.

ఉప్పు మంచిదని విని బస్తాలతో కుంటలో కుమ్మరింపరాదు. పంటకుంట నీరే పైరునకును పారును. నల్లరేగడిలో చౌడు పెరిగినచో చేపతోపాటు చేనును పాడగును. మాలకైట్ గ్రీన్ అను ఆకుపచ్చ రంగును ఎవరైన సూచించినచో వినవలదు. తినెడి చేపలకు దానిని వాడుట పలుదేశములలో నిషిద్ధము. ఉప్పుతో మానునవి చిన్న గాయములు మాత్రమే. చలికాలమున అనేక చేపలకు ఎఱ్ఱని లోతైన పుండ్లు లేచినచో అది వేరు తెగులు. 1988లో ఈశాన్య రాష్ట్రములద్వారా మన దేశమున ప్రవేశించినది. అట్టియెడ మత్స్యశాఖ వారికి వెంటనే తెలుపవలెను.

ఈ జాగ్రత్తలన్నియు ఎవరి శ్రద్ధపైననో విడిచిపెట్టినచో జరుగవు. కావున మేమొక ఏర్పాటు సూచించుచున్నాము. ప్రతి లోడునుండి రెండువందల పిల్లలను ఎంపిక లేక తీసి, నాలుగు గుంజలకు కట్టిన సన్నని వలసంచిలో ఆ కుంటలోనే ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు సభ్యుల యెదుట లెక్కింపవలెను. ముప్పది చచ్చినచో నూటికి పదునైదు నష్టమని తేలును. బేరము కుదుర్చుకొనునప్పుడే, బ్రదికిన పాలునకే సొమ్ము చెల్లింతుమని వ్రాసికొనవలెను.

అమ్మువాడు ఒప్పుకొనడని కొందరనవచ్చును. చెరువుగట్టున సంఘమువారే సంచులను ఎండబెట్టి చంపినచో తానేల భరింపవలెనని అతడడుగుట న్యాయమే. కనుకనే విడుచునప్పుడు అతని మనిషియు ఉండవలెను. విడుచు వేళ ఆహ్వానితుల సౌకర్యమునుబట్టి కాక, నీటి చల్లదనమునుబట్టి నిర్ణయింపవలెను. ఒంటరి రైతు ఇట్టి షరతు పెట్టలేడు. పదిమంది రైతుల కొనుగోలును ఒకటిగా చేసిన సంఘము పెట్టగలదు. సహకారమునకు ఇంతకంటె వేరు ప్రయోజనమేమి?

మదరాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులనుగూర్చి 1895-97లో నివేదిక వ్రాసి సహకారోద్యమమునకు దారి చూపిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ గారే పిదప 1907లో ఏర్పడిన ఆ రాజధాని మత్స్యశాఖకును ఆద్యులు. పొదుపును, చేపను ఒకే మనుష్యుడు పట్టించుకొనుట వింతగా తోచవచ్చును. కాని రెండింటను సూత్రమొకటే: చేతికి వచ్చినదానిని పోగొట్టుకొనకుండుటయే మొదటి ఆదాయము.

గాజులదిన్నె జలాశయము వంటి పెద్ద నీటనైనను, పొలము మూలనున్న చిన్న కుంటనైనను ఈ మాట చెల్లును. మన వైపు వానలు కొద్ది. కుంటలో నీరు నిలుచు నెలలును కొద్దియే. మొదటి దినమున చచ్చినదానికి బదులు మరల తెచ్చి పెంచుటకు వ్యవధి చాలదు. కావున రాబోవు వానలకు ముందు ప్రతి సంఘమును తన సమావేశమున ఈ షరతును తీర్మానించి, ఒక వలసంచిని, రెండు తొట్లను, ఒక తూనికను కొని సిద్ధముగా ఉంచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము.