వెనక్కి దారి లేని సైనికుడు

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చినవారిలో సైనికులు కూడా ఉన్నారని లూకా సువార్త చెబుతోంది. తమ కర్తవ్యం ఏమిటని వారు ఆయనను అడిగారు. మన పొరుగున ఉన్న మయన్మార్‌లో నేడు తుపాకీ పట్టిన యువకుల్లో చాలామందికి ఆ ప్రశ్న అడిగే వీలే లేదు.

2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపినవారిపై కాల్పులు జరిపింది. దాంతో నగరాల విద్యార్థులు, ఉద్యోగులు అడవిబాట పట్టి ప్రజా రక్షణ దళాల్లో చేరారు. 2023 అక్టోబర్ 27న ఉత్తర షాన్ రాష్ట్రంలో మూడు సాయుధ దళాల కూటమి ఒక్కసారిగా విరుచుకుపడడంతో సైన్యం బలహీనత బయటపడింది. 2024 జనవరిలో లౌక్కాయ్‌లో కుటుంబాలతో కలిపి రెండు వేల మందికి పైగా లొంగిపోయారు.

తరిగిపోయిన బలగాన్ని నింపుకోవడానికి పాలకులు పాత చట్టాన్ని బయటికి తీశారు. 2010లో చేసిన నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ల పురుషులు, 18 నుంచి 27 ఏళ్ల స్త్రీలు దీని పరిధిలోకి వస్తారు. సేవాకాలం రెండేళ్లు, అత్యవసర పరిస్థితిలో ఐదేళ్లు. పిలుపు అందుకొని వెళ్లకపోతే జైలు. ఆ రోజుల్లోనే పాస్‌పోర్టు కోసం మాండలేలో గుమిగూడిన జనం తొక్కిసలాటలో ఇద్దరు స్త్రీలు చనిపోయారు. పౌరసత్వం కూడా ఇవ్వని రోహింగ్యా యువకులను సైతం బలవంతంగా సైన్యంలో చేర్చారు. దేశం తనవారు కాదన్న వారినే దేశం కోసం చావమంది!

ఇలా వచ్చినవారికి కొద్ది నెలల శిక్షణ ఇచ్చి సరిహద్దు కొండల మీది శిబిరాలకు పంపుతున్నారు. రోడ్లు శత్రువు చేతిలో ఉంటే తిండి, మందుగుండు హెలికాప్టర్‌లోనే రావాలి. పైనుంచి డ్రోన్లు బాంబులు జారవిడుస్తాయి. పారిపోదామంటే మరో సంకెల ఉంది. చాలామంది సైనికుల భార్యాబిడ్డలు సైనిక నివాసాల్లోనే ఉంటారు. అతడు గీత దాటితే వారి గతేమిటి?

2024 ఆగస్టులో సైన్యం కోల్పోయిన లాషియో పట్టణం, చైనా మధ్యవర్తిత్వంతో 2025 ఏప్రిల్‌లో తిరిగి దాని చేతికి వచ్చింది. ఊరు చేతులు మారింది. దాని కోసం ఇరువైపులా ప్రాణాలు వదిలినవారు మాత్రం తిరిగి రాలేదు.

అలాగని సైన్యం చేసిన ఘోరాలను మరువకూడదు. క్రైస్తవులు అధికంగా ఉన్న చిన్ రాష్ట్రంలో థాంట్లాంగ్ పట్టణం తగులబడింది. ఆ రాష్ట్రం నుంచి వచ్చిన 30 వేల మందికి పైగా శరణార్థులను మిజోరం ఆదరించింది. ఆదేశాలిచ్చిన వారు, చేతులారా నేరం చేసినవారు న్యాయస్థానం ముందు నిలవాల్సిందే. కానీ నిర్బంధంగా తెచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి, ఆజ్ఞలిచ్చే సేనాధిపతిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఆయుధం కింద పెట్టినవాణ్ణి మానవత్వంతో చూడాలని జెనీవా ఒప్పందాలు అంతర్యుద్ధంలోనూ శాసిస్తున్నాయి. లొంగితే ప్రాణం దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే సైనికుడు తుపాకీ దించుతాడు. అది దయ మాత్రమే కాదు, యుద్ధాన్ని కుదించే మార్గం కూడా.

మన దేశానికీ ఇందులో బాధ్యత ఉంది. 2023 నవంబర్ నుంచి కొద్ది నెలల్లోనే వందలాది మయన్మార్ సైనికులు ప్రాణభయంతో మిజోరంలోకి వచ్చారు. వారిని విమానాల్లో తిప్పి పంపారు. వెనక్కి వెళ్లనని చెప్పేవాడు ఉంటే, అతని మాట వినే ఏర్పాటు మనకు ఉండాలి.

ఈ ఆదివారం మయన్మార్ కోసం ప్రార్థించేటప్పుడు చిన్ కొండల్లో ఇల్లు కోల్పోయిన తల్లిని తలచుకుందాం. కొడుకును సైన్యం పట్టుకుపోయిన తల్లినీ మరువకుందాం.