ద్వీపయాత్రయు గవ్వల మూటయు

ఈ నడుమ మన గృహస్థులలో అండమాను యాత్ర యొక వేడుకయైనది. సెలవులు రాగానే భార్యాబిడ్డలతో విమానమెక్కి, పోర్టుబ్లెయిరున (2024 నుండి దీనికి శ్రీవిజయపురమని పేరు) దిగి, నాలుగు దినములు గడపి, "ప్రకృతిని చూచి వచ్చితిమి" అని చెప్పుకొనుచున్నారు. యాత్రను నేను నిందింపను. నూతిలోని కప్పవలె ఇంటనే కూర్చుండుట ఘనత కాదు. కాని చూచినదేమని యడిగినచో తెల్లని యిసుక, నీలపు నీరు, బసలోని సదుపాయములు అను మూడు మాటలే వారినుండి వచ్చును. పిల్లవాని సంచి విప్పినచో నాలుగవది బయటపడును: గవ్వలు, పగడపు ముక్కలు.

"ఒడ్డున పడియున్న చచ్చిన గవ్వను తెచ్చిన దోషమేమి?" అని యడుగుదురు. అది మనకు చచ్చినది. అచ్చటి జీవులకు కాదు. ఖాళీ గవ్వలో దూరి బ్రతుకు పీతజాతి కలదు. దాని వెనుకభాగమునకు గట్టి పెంకు లేదు గనుక, ఒడలు పెరిగినకొలది మరింత పెద్ద గవ్వను వెదకుకొనవలెను. మన అలమారులో మెరయునది దాని యిల్లు. ఇక ఆ తెల్లని యిసుక యేది? అందు చాలభాగము పగడపు పొడియే. చిలుకచేపలు పగడపు రాతిని కొరికి, యిసుకగా విసర్జించును. విరిగిన ముక్కలను అలలు నూరును. కావున పగడపు ముక్కను మూటగట్టుట రేపటి యొడ్డును మూటగట్టుటయే. 2001లోనే పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున, పులితోపాటు చేర్చిరి. పులిగోరు అమ్మువానిని దొంగయని తిట్టు పెద్దమనిషి తన సంచిని చూచుకొని యేల సిగ్గుపడడు?

తెలియని కంటికి మరియొక మోసము కలదు. పూర్వము రాస్ దీవియనబడి, 2018లో నేతాజీ పేరు పొందిన దీవిలో చుక్కల జింకలు యాత్రికులచేతి మేత తినును. వానితో ఛాయాచిత్రము తీయించుకొననివాడు లేడు. ఆ జింకలు ఆ ద్వీపములవి కావు. బ్రిటిషువారు తెచ్చి విడిచినవి. వానిని తిను పులి అచ్చట లేదు గనుక అవి పెరిగి, అడవిలోని లేతమొక్కలను మేసి, కొత్త చెట్లు లేవకుండ చేయుచున్నవి. ఇట్లు పరాయి జంతువును ముద్దాడి, స్థానికమైన పగడమును కాళ్లతో త్రొక్కి వచ్చుటకు ప్రకృతి దర్శనమని పేరా?

"సెలవులలో కూడ బడియేనా?" యని కొందరు విసుగుకొందురు. గుడికి పోవునపుడు దేవుని పేరు తెలిసికొని పోవుట బడి కాదు గదా! పగడము రాయి కాదు. చిన్నప్రాణులు సున్నముతో కట్టుకొన్న కాపురము. వాని యొడలిలో నుండు సూక్ష్మమైన నాచు వానికి అన్నమును, రంగును ఇచ్చును. నీరు మితిమీరి వేడెక్కినచో నాచు వెడలిపోవును, పగడము తెల్లబడును, వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. 2010లో అండమాను దిబ్బలకు ఈ తెల్లదనమే వచ్చినది. అంతకుముందే 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున ఉత్తర ద్వీపములలో దిబ్బలు నీటిపైకి లేచి యెండిపోయినవి. దక్షిణమున నికోబారులలో నేల క్రుంగి మడ అడవులు మునిగినవి. ఇన్ని దెబ్బలు తిన్నచోటికి పోవువాడు ఎట్లు పోవలెను?

"ద్వీపవాసులకు యాత్రికులే జీవనాధారము" అను మాట నిజమే. అందుచేతనే స్థానికుని తోడు తీసికొని, కూలి యిచ్చి, ఆటుపోట్ల వేళ అడిగి, మడ అడవిని చూడుడు. ద్వీపము చెడినచో వాని జీవనమే మొదట చెడును.

తల్లులారా, ఈ మార్పు మీ చేతిలో నున్నది. ద్వీపమునకు పోలేనివారు కాకినాడ దాపున కోరంగికి పోవుడు. బురదనుండి వేళ్లు పైకెత్తి ఊపిరి పీల్చు మడచెట్టు అచ్చటను కలదు. పిల్లవానిచేతికి సంచి బదులు పుస్తకమిండు. పది ప్రాణుల పేర్లు, వాని యిండ్లు, వాని యాహారము వ్రాసికొని రానిండు. పుస్తకము నిండి, సంచి ఖాళీగా వచ్చిననాడు, వాడు ప్రకృతిని చూచి వచ్చెనని మనము గర్వముగా చెప్పుకొనవచ్చును.