జమానత్ అంటే భూమి, భూమి అంటే కులం (జైలు గేటు ముచ్చట్లు – 4)



పోయిన భాగంలో ములాఖత్ గురించి రాశాను. తాండూరులో పొద్దుగాల రైలెక్కి, వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి దాటి పట్నం చేరి, పది నిమిషాలు మాట్లాడి రాత్రికి ఇల్లు చేరే ఆడోళ్ల గురించి. ఈసారి జైలు లోపలి ఒక కుర్చీ గురించి రాస్తాను. ఆ కుర్చీకి లాఠీ ఉండదు, తుపాకీ ఉండదు. ఒక కంప్యూటర్, నాలుగు రిజిస్టర్లు, ఒక ఫోన్. కోర్టుకూ జైలుకూ న్యాయసేవాధికార సంస్థకూ నడుమ కాగితాలు నడిపే కుర్చీ. గుమస్తా పని అని అందరూ తీసిపారేసే పని. ఒక మనిషి ఇంకెన్ని రాత్రులు లోపల పండుకోవాలో చాలాసార్లు ఆ కుర్చీలోనే తేలుతుంది.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక సార్ ఉన్నాడు. మంచి చదువరి. మొన్న నాతో అన్నాడు: "మేడమ్, మీరు ప్రతిదాంట్ల కులం చూస్తరు. జైళ్లల్ల కులం కాలమే తీసెయ్యమని సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఇంకెక్కడుంది కులం?"

నిజమే, చెప్పింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు 2020లో రాసిన కథనం, ఆమే వేసిన పిటిషన్, 2024 అక్టోబర్ 3న తీర్పు. కింది కులాల ఖైదీలకు ఊడ్చే పని, కడిగే పని, పై కులాల వాళ్లకు వంట పని అని జైలు మాన్యువళ్లలో రాసిపెట్టుకున్న నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆర్టికల్ 17 జైలు గోడ లోపల కూడా పనిచేస్తుందని చెప్పడానికి మనకు డెబ్బై నాలుగేండ్లు పట్టింది. ఆ తీర్పును నేను క్లాసులో పిల్లలకు చదివి వినిపించాను. దాని విలువ తగ్గించను.

కానీ సార్ ప్రశ్నకు నా జవాబు వేరే. కులం కాలమ్ రిజిస్టర్లో నుంచి పోయింది. జమానత్ కాగితంలో భద్రంగా ఉంది. ఎట్లనో చెప్తాను.

మా వాడలో నాకు చిన్నమ్మ వరుస అయ్యే ఆమె ఉంది. పేరు రాయను. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లో పని. పని లేని దినాల్లో ఒక ఇంట్లో బాసాండ్లు తోమేది. ఆ ఇంట్లో బంగారు గాజులు కనపడలేదు. కనపడకపోతే ముందుగాల ఎవరి పేరు చెప్తారో మీకు నేను చెప్పాల్నా? ఇంట్లో దొంగతనం కేసు, బీఎన్ఎస్ 305 సెక్షన్. నాలుగేండ్ల కొడుకును చంకనెత్తుకొని జైలుకు పోయింది. ఎనిమిదేండ్ల బిడ్డ అవ్వ దగ్గర ఉండిపోయింది. ఎందుకంటే ఆరేండ్లలోపు పిల్లలే తల్లితో జైల్లో ఉండొచ్చు. ఈ నియమం 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. జైల్లో పుట్టిన పిల్లల సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు జైలు అని రాయొద్దని కూడా అదే తీర్పు చెప్పింది.

పన్నెండో రోజు చిన్నమ్మకు బెయిల్ వచ్చింది. వాడంతా సంబరపడ్డది. కానీ ఆమె బయటికొచ్చింది మరో 47 రోజులకు.

బెయిల్ ఇచ్చింది కోర్టు. ఆపింది ఎవరు?

షరతు: ఇద్దరు జమానత్‌దారులు, ఒక్కొక్కరు 10,000 రూపాయలకు. చిన్నమ్మ అన్నకు ఎకరం నర భూమి ఉంది. లావుణి పట్టా. సర్కారు ఇచ్చిన భూమి, 1977 చట్టం ప్రకారం అమ్మనీకి లేదు. పాస్‌బుక్ పట్టుకొని పోతే ఒక ఆఫీసులో, "అమ్ముకునే హక్కు లేని భూమికి వాల్యూ ఏం రాస్తం, పట్టా భూమి ఉన్నోళ్లను తీస్కరా" అన్నారు. ఆ ఎకరం నరలో ఏటా కంది పండుతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పుకు గుర్తింపు ఉంది. పప్పు పండించిన మాదిగోడి భూమికి మాత్రం కోర్టులో విలువ సున్నా.

సరే, నేనున్నా కదా అనుకున్నాను. పీహెచ్‌డీ చేసిన దాన్ని, కాలేజీలో పాఠం చెప్పేదాన్ని. జీతం సర్టిఫికెట్ తీసుకపోయాను. "కాంట్రాక్టా మేడమ్? నడవది. పర్మినెంట్ ఉద్యోగి కావాలె" అన్నారు. గేటు బయట ఒకతను వచ్చి నిలబడ్డాడు. జమానత్‌కు మనుషులను ఇచ్చే వ్యాపారం అతనిది. ఇద్దరికి ఎనిమిది వేలు అడిగాడు. అంటే మాకు విశ్వాసం లేదు, పైసలు తీసుకొని ముఖం తెలియని మనిషికి పూచీ ఉండేవాడికి విశ్వాసం ఉంది.

ఆరోజు బస్టాండ్‌లో కూర్చొని నాకు తోచింది ఇదే. జమానత్ అంటే నమ్మకం అంటారు. కాదు. జమానత్ అంటే భూమి. మన దగ్గర భూమి అంటే కులం. ఎవరి తాత పేరు మీద పట్టా ఉందో వాళ్ల మనవరాలు అదే సాయంత్రం బయటికొస్తుంది. ఎవరి తాత ఆ పట్టా భూమిలో జీతం ఉన్నాడో వాళ్ల మనవరాలు లోపలే ఉంటుంది. ఇద్దరికీ ఒకే చట్టం, ఒకే సెక్షన్, ఒకే షరతు. సమానత్వం అంటే ఇదేనా సార్?

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. పదివేల జమానత్ అడిగారు. అన్న ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు తోసేసింది. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి ఆ మాట తాండూరు దాకా ఇంకా నడిచి రాలేదు.

ఇప్పుడు ఆ కుర్చీ దగ్గరికి వస్తాను.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విద్యార్థులు దీన్ని కంఠతా పట్టాలి. బెయిల్ ఇచ్చిన రోజో మరునాడో ఆర్డర్ కాపీని ఈమెయిల్‌లో జైలు సూపరింటెండెంట్‌కు పంపాలి, అది ఖైదీకి చేరాలి. తేదీని ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. 7 రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల రోజుల్లో జమానత్ పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చు. స్థానిక జమానతే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని, అటువంటి షరతు పెట్టొద్దని కూడా అందులోనే ఉంది.

ఈ మాటల్లో ఒక్కటైనా దానంతట అది జరగదు. ఎవరో ఒకరు కూర్చొని తేదీలు లెక్కపెట్టాలి. ఏడో రోజు లేచి ఉత్తరం రాయాలి. ఆ ఎవరో ఒకరే ఆ కుర్చీ.

నలభయ్యో రోజు నేను జైలుకు ఫోన్ చేశాను. లీగల్ పనులు చూసే ఒక ఆమె ఎత్తింది. నేను తేదీలు చెప్పాను, 2023 ఉత్తర్వు సంగతి చెప్పాను. కాసేపు పలకలేదు. తర్వాత అన్నది: "అక్కా, మూడు సీట్ల పని నా ఒక్కదాని మీదనే ఉన్నది. వారంట్లు, వాయిదాలు, ఎస్కార్ట్‌కు లెటర్లు, వీడియో హాజరు, అన్నీ నేనే. గిది నా కంట వడలే. ఇయ్యాల్నే రాస్త." ఆమె రాసింది. ఒక పేజీ ఉత్తరం. వారం తిరగకముందే షరతు మారింది, సొంత పూచీకత్తు మీద చిన్నమ్మ బయటికొచ్చింది.

ఒక పేజీ. దాని కోసం 47 రోజులు. ఆ ఆమెను నేను తిట్టను. ఆమె మన బిడ్డే, ఏ కులమో అడగలేదు గానీ మాటను బట్టి మన దిక్కుదే. నేను తిట్టేది ఆ పనిని "అదనపు బాధ్యత"గా పడేసే ఏలుబడిని. గేటుకు కాపలా ఉండటానికి మనుషులు దొరుకుతారు. గేటు తీసే కాగితం రాయడానికి దొరకరు.

ఇంకా ఏమేం ఆ కుర్చీ మీద ఆధారపడి ఉన్నాయో చూడండి. బీఎన్ఎస్ఎస్ 479 సెక్షన్: మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదులో గడిపితే, మిగతావాళ్లు సగం గడిపితే, బెయిల్ మీద వదలాలి. కోర్టుకు దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే అని చట్టంలోనే రాశారు. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడోవంతు ఎప్పుడు నిండుతుందో ఎవరు లెక్కపెడతారు? 2023లో కేంద్రం పేద ఖైదీల పథకం తెచ్చింది, జమానత్ కోసం 40,000 దాకా, జరిమానా కోసం 25,000 దాకా. ఆ దరఖాస్తు ఎవరు కదిలిస్తారు? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత వకీలు ఆడవాళ్లకు హక్కు, ఎస్సీ ఎస్టీలకు హక్కు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు హక్కు. మా చిన్నమ్మ మూడు విధాలా అర్హురాలు. మూడు హక్కులున్న మనిషికి ఒక్కటీ అందలేదు, అడిగే నోరు లోపల లేక.

479లోనే ఒక మెలిక కూడా ఉంది. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కింద విడుదల లేదు. బ్రిటిషోడు నేరస్థ జాతులని ముద్రేసిన ఎరుకల ఆడమనిషి మీద పాత కేసులన్నీ కలిపి రాయడం ఎంత సులువో పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ప్రతివాళ్లకు తెలుసు. కులం కాలమ్ అక్కర్లేదు. కేసుల సంఖ్య చాలు.

లెక్కలు కావాలా? 2022 చివర దేశం జైళ్లలో 23,772 మంది ఆడవాళ్లు. వాళ్లలో 1,537 మంది తల్లులు, వాళ్లతో 1,764 మంది పిల్లలు. మొత్తం ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. 2021లో రాజ్యసభలో ప్రభుత్వమే చెప్పింది, జైళ్లలో నూటికి 65 మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలే అని.

ఇప్పుడు చేదు మాట. ఇది మనకే.

2024 నవంబర్‌లో మన జిల్లా లగచర్లలో రైతులను జైలుకు పంపితే మనమంతా కదిలాం. సంగారెడ్డి జైలు నుంచి ఆస్పత్రికి ఒక లంబాడా రైతును బేడీలతో తీసుకపోయిన ఫొటో చూసి మండిపడ్డాం. మండాల్సిందే. కానీ అదే జిల్లా నుంచి గాజుల కేసులో, గుడుంబా కేసులో జైలుకు పోయిన ఆడమనిషి కోసం మన జెండా ఎన్నడన్నా లేచిందా? "అది క్రిమినల్ కేసు కదా అక్కా" అని నాతో అన్న కార్యకర్త పేరు కూడా రాయను, ఎందుకంటే ఐదేండ్ల కింద నేనూ అదే అన్నాను.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను కాబట్టి ఇదీ చెప్తాను. మనకు జైలు సాహిత్యం తక్కువేం లేదు. వరవరరావు 'సహచరులు' చదివి పెరిగినవాళ్లం. కానీ అందులో ఎక్కువ భాగం రాజకీయ ఖైదీ రాసుకున్నది. బి. అనూరాధ హజారీబాగ్ జైల్లో తోటి ఆడఖైదీల కతలు రాసేదాకా పక్క బ్యారక్‌లో బాసాండ్లు తోమే ఆమె మనకు సరిగా కనపడలేదు. మన పెద్దేముల్ బిడ్డ గోగు శ్యామల మాదిగ వాడ ఆడోళ్లను కథల్లో నిలబెట్టింది. ఆ ఆడోళ్లు జైలు గేటు దాటి లోపలికి పోయాక వాళ్ల కథ రాసేదెవరు?

బొజ్జా తారకం సార్ ఆ పని ఇంకో తీరుగ చేశాడు. ఎమర్జెన్సీలో జైలు చూసిన మనిషి, కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడర్ పదవికి రాజీనామా చేసిన మనిషి, 'పోలీసులు అరెస్టు చేస్తే' అని చిన్న పుస్తకం రాశాడు. కవిత్వం తెలిసిన దళితుడు చట్టాన్ని వాడ భాషలో చెప్పడం కూడా సాహిత్యమే అని నేను నా పిల్లలకు చెప్తాను.

కాబట్టి మన డిమాండ్లు రాసుకుందాం.

ఒకటి. ప్రతి మహిళా జైలుకు పూర్తికాలం లీగల్ డెస్క్ ఉండాలి. అదనపు బాధ్యత కాదు, సొంత పోస్టు.

రెండు. బెయిల్ వచ్చి కూడా లోపలున్నవాళ్లు ఎందరో ప్రతి నెలా బోర్డు మీద రాయాలి. పేర్లొద్దు, సంఖ్య చాలు.

మూడు. భూమి లేని ఆడవాళ్లకు మహిళా సంఘం పూచీ ఒప్పుకోవాలి. మన పది మంది ఆడోళ్ల సంతకం మీద బ్యాంకు లక్షలు అప్పిస్తుంది. ఏ ఆస్తీ తాకట్టు అడగదు. వాయిదాకు వస్తుందని చెప్పడానికి కోర్టుకు ఆ పది సంతకాలు చాలవా?

నాలుగు. బెయిల్ ఆర్డర్ తెలుగులో చదివి వినిపించాలి. చిన్నమ్మకు బెయిల్ వచ్చిన సంగతి ములాఖత్‌లో నేను చెప్తేనే తెలిసింది.

ఐదోది డిమాండ్ కాదు, మీకు పని. గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జైలు శాఖ ఉద్యోగం వస్తే ముఖం తిప్పుకోకండి. ఆ కుర్చీలో మనోళ్లు కూర్చోవాలి. కూర్చొని ఏడో రోజు మర్చిపోకుండా ఉత్తరం రాయాలి. డిగ్రీ చదివేవాళ్లు వికారాబాద్‌లో న్యాయసేవాధికార సంస్థకు పోయి పారాలీగల్ వాలంటీర్‌గా పేరివ్వండి. వకీలు పట్టా అక్కర్లేదు. క్యాలెండర్, ఫోన్, సిగ్గుపడని నోరు ఉంటే చాలు.

చిన్నమ్మ కేసు ఇంకా నడుస్తుంది. గాజులు ఎవరు తీశారో నాకు తెల్వదు, కోర్టు తేలుస్తుంది. కానీ ఆమె ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. చీకటి పడంగనే పిల్లగాడు లేచి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. "ఏందిరా, ఎందుకు నిలబడ్డవ్?" అంటే, "లెక్క వెడ్తరు కదా" అన్నాడు.

చిన్నమ్మ వాణ్ని ఎత్తుకొని, "ఈడ ఎవ్వరు లెక్కవెట్టరు బిడ్డా" అన్నది.

ఆ మాట రెండు తీర్లా నిజమే. అందుకే మనం లెక్కపెట్టడం మొదలుపెట్టాలి.

వచ్చే భాగంలో రిమాండ్ రిపోర్టు భాష గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.