4 రోజులు నానితే ఒక్క నంబర్

“ఎంటెక్ సివిలా? ఎందుకురా, కోడింగ్ నేర్చుకో!” అంటుంటారు మనవాళ్లు. నేనూ సీఎస్ఈనే, కానీ ఆ మాట నచ్చదు.

నల్లరేగడి సంగతే చూడండి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు బారుతుంది. పైన ఎంత మంచి తారు వేసినా, కింద నేల కదిలితే రోడ్డు పగులుతుంది. సున్నం కలిపితే ఉబ్బు తగ్గుతుంది. ఎంత కలపాలన్నది మట్టిని బట్టి మారుతుంది. అది తేల్చడానికే రీసెర్చ్. సీబీఆర్ టెస్టుకి మట్టిదిమ్మని 4 రోజులు నీళ్లలో నానబెట్టి, కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దించుతారు. వచ్చేది ఒక్క నంబర్. రోడ్డు మందం లెక్కకి అదే ఆధారం. సున్నం శాతం మారిస్తే మళ్లీ మొదటికి!

మన కోడ్‌లో బగ్ ఉంటే రాత్రికి రాత్రే ప్యాచ్ వేస్తాం. రోడ్డు కింద మట్టికైతే మళ్లీ తవ్వాల్సిందే. ఆ 4 రోజుల ఓపికని చులకన చేయకండి.