సీటు అమ్మాలన్నా దారి తెలియాలి

దసరా, దీపావళి దగ్గరపడితే చాలు, సరిహద్దు పల్లెల్లో ఒకటే మాట: ‘టికెట్టు దొరికిందా?’ బెంగళూరులో కొలువు చేసే పిల్లలకు బీదర్ దాదాపు 700 కిలోమీటర్ల దూరం. అక్కడ దిగితే ప్రయాణం అయిపోయినట్టు కాదు. కుశనూర్ చేరాలంటే మళ్లీ ఇంకో బస్సు ఎక్కాలి. మొదటి బస్సులో సీటు సెల్‌ఫోన్‌లోనే ఖాయమవుతుంది. రెండో బస్సు సంగతి మాత్రం బస్టాండులో నలుగురిని అడిగి తెలుసుకోవాల్సిందే.

టికెట్టు దొరకని బాధే ఒకప్పుడు పెద్ద వ్యాపారానికి దారి చూపింది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావాలని ఫణీంద్ర సామ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. సీటు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఒక్కచోట చెప్పేవారే లేరని ఆయనకు అప్పుడే అర్థమైంది. మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో సంస్థ కొనుక్కుంది. హైదరాబాద్‌లో చిర్రా సుధాకర్‌రెడ్డి 2008లో పెట్టిన అభిబస్ 2021లో ఇక్సిగో చేతికి వెళ్లింది. రెండింటి వెనకా తెలుగువాళ్లే ఉన్నారు.

ఈ రంగంలో కొలువు కావాలంటే ‘ఫుల్ స్టాక్’ నేర్చుకోవాలని ఇప్పుడు ఊరూరా ప్రచారం. అమీర్‌పేటకు వెళ్లి కోర్సు కడితే మూణ్నెల్లలో ఇంజినీరు అయిపోవచ్చన్న ఆశతో అప్పు తెచ్చే తల్లిదండ్రులున్నారు. అసలు ఆ పని ఏమిటి? తెర మీద కనిపించే సీట్ల బొమ్మ నుంచి, వెనకాల నడిచే లెక్క, సమాచారం దాచే డేటాబేస్ దాకా అన్నీ ఒక్కరే చూసుకోగలగడం.

చెప్పినంత తేలిక కాదది. ఒకే సీటు మీద ఇద్దరు ఒకేసారి వేలు పెడితే ఒక్కరికే దక్కాలి. డబ్బు కట్టేదాకా ఆ సీటును కొన్ని నిమిషాలు ఆపి ఉంచాలి. కట్టకపోతే మళ్లీ అమ్మకానికి వదలాలి. మధ్యలో సిగ్నల్ పోయి, ఖాతాలో పైసలు కోసుకుపోయి, టికెట్టు రాకపోతే? ఆ పైసలు తిప్పి పంపే దారి కూడా రాసి ఉంచాలి. పండగ రోజు లక్షలమంది ఒక్కసారి వచ్చి పడినా యంత్రం కూలబడకూడదు. ఇవి సర్టిఫికెట్టుతో వచ్చే విద్యలు కావు. చేసి, చెడగొట్టి, మళ్లీ చేస్తేనే వస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం సరిహద్దు పిల్లలు పట్నం పిల్లల కన్నా ముందున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో మరాఠీ, ఉర్దూ వింటూ పెరిగారు. ఒకే ఊరి పేరును నాలుగు భాషల వాళ్లు నాలుగు రకాలుగా పలుకుతారని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా వస్తే ఊరు దొరకని యాప్‌ను సరిచేయగలిగేది ఇలాంటి వాళ్లే. కూడు పెట్టే తెలివి ఇంట్లోనే ఉంటే దాన్ని వదిలి పరుగెత్తడం దేనికి?

371(జె) అధికరణం వల్ల ఈ ప్రాంతం పిల్లలకు కాలేజీ సీట్లలో, సర్కారు ఉద్యోగాల్లో రిజర్వేషన్ దక్కింది. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ గుమ్మం దగ్గర అది పనికిరాదు. అక్కడ చేతిపనే చెల్లుతుంది. బీదర్, భాల్కిల్లో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టులను ఎక్కడి నుంచో కొని తేవడం మానిపించి, పల్లె బస్సుల వేళలు, స్టాపుల పేర్లు మూడు నాలుగు భాషల్లో చూపే పని పిల్లలకు అప్పగిస్తే ఏం పోయింది? ఆర్టీసీ డిపోలు సమయపట్టికలు ఇచ్చి సహకరిస్తే చాలు. ప్రయాణికుడికి బస్సు తెలుస్తుంది, పిల్లవాడికి పని తెలుస్తుంది.

తల్లిదండ్రులు కూడా ఒక్కటి అడగాలి. కోర్సు ఫీజు ఎంత అని కాదు, అది పూర్తయ్యేసరికి మా వాడు ఏం తయారుచేసి చూపిస్తాడు అని. ఆ జవాబు తేలాకే అప్పు పత్రం మీద సంతకం పెట్టడం మేలు.